జార్జి స్టీఫెన్‌సన్

రైలుబండిలో ప్రయాణము చేయునపుడు మనము కిటికీ ప్రక్కన గూర్చుండి వెలుపలి వింతలను జూచుచుందుము. దారి ప్రక్క నచ్చటచ్చట అంకెలు వ్రాసిన పలకలు పాతబడి యుండును. ఆ పలకయొద్దకు వచ్చునప్పటికి బండి నెమ్మదించును. వంతెనయో, వంపో, మరమ్మతు జరుగుచున్న తావో దాటిన పిదప మరల వడి హెచ్చించును. రెండు దారులు జోడుగా బోవు చోట నెదురుబండి గాలివానవలె మన ప్రక్కనుండి దూసికొని పోయినను మన బండి కేమియు దగులదు. ఇంత క్రమము తనంతట దాను పుట్టినది కాదు. ప్రతి యంకె వెనుకను, ప్రతి యెడము వెనుకను ఒక యనుభవమున్నది. కొన్నిటి వెనుక ప్రాణనష్టమును గలదు. ఈ పాఠములను మొట్టమొదట నేర్చినవారిలో ముఖ్యుడు జార్జి స్టీఫెన్‌సన్. ధూమశకటమునకు వేగము నిచ్చినవాడుగా నాయనను లోకమెల్ల నెరుగును. ఆ వేగమునకు హద్దు గావలెనని కోరినవాడును ఆయనయే యని యెరిగినవారు తక్కువ. కావున నాయన చరిత్రమును మా తోడి విద్యార్థులకు సంగ్రహముగా దెలుప నుద్యమించితిమి.

స్టీఫెన్‌సన్ 1781 వ సంవత్సరము జూన్ 9 వ తేదీని ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున నార్తంబర్లండు మండలములోని వైలం గ్రామమున జన్మించెను. తండ్రి బొగ్గుగనిలోని నీటిని తోడు యావిరియంత్రమునకు నిప్పు వేయు కూలివాడు. తలిదండ్రు లిరువురకును చదువను వ్రాయను రాదు. బిడ్డలను బడికి బంపుటకు వారికి శక్తి చాలదయ్యెను. ఇంటి ముంగిటనే కొయ్యపట్టాల దారి యొకటి పోవుచుండెను. దానిమీద గుఱ్ఱములు బొగ్గుబండ్ల నీడ్చుచుండెను. చిన్నవారగు తమ్ములును చెల్లెండ్రును ఆ బండ్లక్రింద బడకుండ గాచుట బాలుడగు జార్జికి నిత్యకృత్యమై యుండెను. ఇనుపదారుల భద్రతనుగూర్చి లోకమునకు బోధింపబోవు వానికి విధి యిచ్చిన తొలిపాఠ మిదియే యని మాకు దోచుచున్నది.

ఆతడు కొంతకాలము ఆవులను గాచెను. ఆ సమయమున బంకమట్టితో యంత్రముల బొమ్మలను జేసి యాడుకొనెడివాడు. పదునేడవ యేట నొక యంత్రమునకు నడుపరి యయ్యెను. యంత్రమును విప్పి బిగించుట యెరిగెను గాని, తన పేరు వ్రాయుట యెరుగడు. యంత్రములనుగూర్చి పుస్తకములలో నెన్నియో సంగతు లున్నవని విని, పదునెనిమిదవ యేట రాత్రిబడిలో జేరి, తనకంటె బిన్నవారితో గలసి యక్షరములు దిద్దెను. పగలెల్ల పనిచేసి, రాత్రి లెక్కలు నేర్చి, యంత్రము నొద్ద తీరిక దొరికినపుడెల్ల పలకమీద వానిని సాధించుచుండెను.

1802 లో వివాహమయ్యెను. మరుసటి యేడు రాబర్టను కుమారుడు కలిగెను. కాని 1806 లో భార్య క్షయవ్యాధిచే మృతి నొందెను. అంతకుముందే యొక యాడుశిశువు కొలది వారములకే గతించెను. ఆ పిమ్మట తండ్రి యంత్రపు టావిరి సోకి కన్నులు పోగొట్టుకొనెను. ఈ దుఃఖములనడుమ స్టీఫెన్‌సన్ ధైర్యము విడువలేదు. గడియారములు బాగుచేసియు, చెప్పులు కుట్టియు, ధనము కూడబెట్టి కుమారుని మంచి బడికి బంపెను. కుమారుడు తెచ్చిన పుస్తకములను సాయంకాలమున తండ్రియు కలసి చదువుచుండెను. చదువు రాని లోటు తనతోనే తీరిపోవలెనని యాతని కోరిక.

1811 లో కిలింగ్‌వర్తు గనిలో నీరు తోడు యంత్రమొకటి యెవ్వరికిని లొంగక నిలిచిపోయెను. స్టీఫెన్‌సన్ దానిని విప్పి, దోషమును గనిపెట్టి, కొన్ని దినములలో బాగుచేసెను. అందువలన మరుసటి యేడు గని యంత్రములన్నిటికి నధికారిగా నియమింపబడెను. 1814 లో నాయన నిర్మించిన తొలి ధూమశకటము ముప్పది టన్నుల బరువును గంటకు నాలుగు మైళ్ల చొప్పున నెగువకు లాగెను. ఇచ్చటనే యాయన కొక చిక్కు ఎదురయ్యెను. గుఱ్ఱపుబండ్లకై వేసిన పోతయినుప పట్టాలు యంత్రపు బరువునకు విరిగిపోవజొచ్చెను. ఇతరులు యంత్రమును నిందించిరి. ఆయన దారివైపు దృష్టి మరల్చెను. యంత్రమును దారియు వేరువేరు కావనియు, ఏ పట్టామీద నెంత బరువు నడువవచ్చునో నిర్ణయింపక యంత్రమును పెంచుట ప్రమాదమనియు గ్రహించెను. 1816 లో పట్టాల యతుకులను మెరుగుపరచు విధానమునకు మరియొకరితో గలసి హక్కుపత్రము పొందెను. ఇప్పటికిని ఏ యంత్రము ఏ వంతెనమీద, ఏ దారిమీద పోవచ్చును, పోరాదు అని రైల్వేవారు నియమములు వ్రాయుచుండుటకు మూల మిట్టి యనుభవమే.

1821 లో స్టాక్టన్ - డార్లింగ్టన్ దారికి శాసనము పుట్టెను. ఎడ్వర్డు పీసు అను వర్తకుడు స్టీఫెన్‌సనును పిలిపించి పని యప్పగించెను. తన హక్కుపత్రము చొప్పున జేసిన పోతయినుప పట్టాలనే కొనిపించినచో నాయనకు లాభము గలుగును. అట్లు చేయక, కొత్తగా బయలుదేరిన సాగగొట్టిన యినుప పట్టాలే మేలని కంపెనీవారికి నిజము చెప్పెను. దానిచే ధనమును, ఒక స్నేహమును పోగొట్టుకొనెను. కాని దారి నిలిచెను. 1825 సెప్టెంబరు 27 వ తేదీని ఆ దారి తెరవబడెను. అది యొంటిదారి. నడుమ నడుమ తప్పుకొనుటకు ప్రక్కదారు లుండెను. ఎదురెదురుగా వచ్చిన బండ్లవారిలో వెనుకకు బోవలసినవా డెవడని కలహములు పుట్టుచుండెను. రెండు ప్రక్కదారుల నడిమిభాగమున నొక స్తంభము పాతి, దానిని ముందుగా దాటినవానికి దారి యిచ్చి, రెండవవాడు వెనుకకు బోవలయునని నిర్ణయించిరి. రైలునియమములకు శైశవమున నిట్టి యొక స్తంభమే సరిపోయెను.

తరువాత లివర్‌పూలు - మాంచెస్టరు దారి వచ్చెను. 1825 లో పార్లమెంటు విచారణసంఘమువా రాయనను దినముల తరబడి ప్రశ్నించిరి. ఎక్కువ వేగమును జెప్పినచో పిచ్చివాడందురని మిత్రులు భయపడి, గంటకు పది మైళ్లకంటె మించి చెప్పవలదని వేడుకొనిరి. బండి కడ్డముగా నావు వచ్చినచో నేమగునని యొక సభ్యుడు ప్రశ్నింపగా, అది యావునకే కీడని యాయన తన పల్లెయాసతో నుత్తరమిచ్చెనని ప్రతీతి. ఆ యాసను జూచి కొందరు నవ్విరి. భూస్వాము లడ్డగించుటచే దొంగచాటుగా జరిగిన కొలతలలో తప్పులు దొరలినవి. వానిని తానే పునఃపరీక్ష చేయక సహాయకులను నమ్మినందులకు నాయన సిగ్గుపడవలసి వచ్చెను. ఆ యేడు శాసనము తప్పిపోయెను. మరుసటి యేడు వేరు కొలతలతో శాసనము గెలిచెను. పని మరల నాయన చేతికే వచ్చెను. చాట్ మాస్ అను మహాపంకభూమిమీద చెట్లకొమ్మల కట్టలను పొదలను పరచి, దారిని తెప్పవలె దేల్చి నిలిపెను.

ఆ దారిమీద నడువదగిన యంత్రము నెన్నుకొనుటకై 1829 అక్టోబరున రెయిన్‌హిల్లు వద్ద పందెము పెట్టిరి. దాని షరతులు మిక్కిలి గమనింపదగినవి. యంత్రము ఆరు టన్నులకు మించరాదు. ఆ బరువుగలది తనకు మూడింతల బరువును గంటకు పది మైళ్ల చొప్పున లాగవలయును. పొగగొట్టము కొన నేలకు పదునైదడుగులకంటె నెత్తుండరాదు. ఆవిరి మితిమీరినచో విడిచిపెట్టు తలుపులు రెండుండవలెను. అందొకటి నడుపువాని చేతి కందరాదు. బరువు, ఎత్తు, ఆవిరిబలము - మూడిటికిని హద్దు లేర్పరచిరి. తండ్రికొడుకులు హెన్రీ బూతు సూచనతో నిర్మించిన రాకెట్టను యంత్రము ఈ హద్దులలో నుండియే అయిదువందల పౌనుల బహుమానమును గెలిచెను. బరువు లేనపుడు గంటకు ముప్పది మైళ్లకు దాపుగా బరువెత్తి చూపరులను విస్మితులను జేసెను.

1830 సెప్టెంబరు 15 వ తేదీని దారి తెరవబడెను. ప్రధానమంత్రి వెల్లింగ్టను ప్రభువు విచ్చేసెను. ఆయన యెక్కిన బండి దక్షిణపు దారిమీదను, తక్కిన యేడు బండ్లు ఉత్తరపు దారిమీదను బోవుచుండెను. పార్క్‌సైడు వద్ద యంత్రములు నీరు తీసికొనుటకై ప్రభువుబండి నిలిచెను. ఎవ్వరును దిగవలదని ముందే యచ్చుపత్రములలో దెలిపి యుండిరి. అయినను సుమా రేబదిమంది దిగి దారిమీద తిరుగుచుండిరి. అందు విలియం హస్కిసన్ అను పార్లమెంటు సభ్యు డొకడు. ఈ దారికై పాటుపడినవాడు. ప్రభువుతో బూర్వము గలిగిన వైరమును మాన్పుకొనుటకై యాయన బండియొద్దకు బోయెను. రెండు బండ్లు అంతకుముందే క్షేమముగా దాటిపోయినవి. మూడవదియగు రాకెట్టు వచ్చుచుండెను. దానికి బ్రేకులు లేవు. జోడుదారుల నడుమ ఎడము ఐదడుగులైన లేదు. ప్రభువు బండి వెడల్పుది యగుటచే ఆ కొంచెమును మిగులలేదు. హస్కిసన్ తొట్రుపడి బండితలుపును పట్టుకొనెను. తలుపు తెరచుకొని యాతనిని రాకెట్టున కెదురుగా వ్రేలాడగట్టెను. క్రిందపడి కాలు నుజ్జయ్యెను. స్టీఫెన్‌సన్ తానే యంత్రమును నడపి, యాతనిని యెకిల్సు గ్రామమునకు మహావేగమున జేర్చెను. మనుష్యు డంతవర కట్టి వేగమున బోయి యెరుగడు. అంత వేగమును ఆతని ప్రాణమును నిలుపలేకపోయెను. ఆ రాత్రియే హస్కిసన్ మృతి నొందెను.

ఆ దినమున తప్పెవరిదని యడిగినచో నొక్కరిని జూపుట సాధ్యము కాదు. ప్రయాణికులు నియమమును లక్ష్యపెట్టలేదు. యంత్రమునకు నిలుపు సాధనము లేదు. దారుల నడుమ చోటు లేదు. ఈ మూడును గలసినపుడే యపాయము గలిగెను. తరువాతి బ్రిటిషు దారులలో జోడుపట్టాల నడుమ ఆరడుగుల యెడము వాడుకయై, ఆ చోటికి ఆరడుగు లనియే పేరు నిలిచెను. లివర్‌పూలు దారిపొడవునను కావలివారిని నిలిపి, చేసైగలచే దారి ఖాళీగా నున్నదియు లేనిదియు తెలుపజేయుచుండిరి.

స్టీఫెన్‌సన్ మనస్సులో నీ సంగతి మాసిపోలేదని యాయన తరువాతి నడవడి తెలుపుచున్నది. 1841 లో ప్రమాదములు హెచ్చుటచే వాణిజ్యశాఖ యధ్యక్షునకు జాబు వ్రాసెను. ప్రభుత్వ పరిశీలన యవసరమనియు, సాధారణముగా బండ్ల వేగము గంటకు నలువది మైళ్లను మించరాదనియు, తమంత దాము పట్టు బ్రేకులును, దేశమంతటికి నొకే విధమైన సంకేతములును గావలెననియు నందు గోరెను. పదిమైళ్లకంటె మించి చెప్పవలదని మిత్రులు వేడుకొనిన నాటికి పదునారేండ్లే గడచినవి. వేగము సాధ్యమని వాదించి గెలిచినవాడే దానికి మేర గావలెనని యడుగుట పిరికితనము కాదు. తాను గన్న బిడ్డ గుణమును దోషమును తల్లి యెరిగినట్లు ఎరిగి యడుగుటయే.

ఆయన దారికి వాడిన నాలుగడుగుల ఎనిమిదంగుళములన్నర వెడల్పే 1846 శాసనముచే బ్రిటనులో కొత్త దారుల కెల్ల ప్రమాణమయ్యెను. మన దేశమున మాత్రము అయిదడుగుల ఆరంగుళముల వెడల్పు స్థిరపడెను. 1853 లో బొంబాయి - ఠాణాల నడుమను, 1856 లో మదరాసు రాయపురమునుండియు తొలిబండ్లు నడచినది దానిమీదనే. వెడల్పు వేరైనను హద్దుల నియమము వేరు కాలేదు.

వార్ధకమున చెస్టర్‌ఫీల్డు చేరువ టాప్టన్ గృహమున నివసించుచు, తోటపనిలో కాలము బుచ్చెను. వంకర లేని దోసకాయలను బెంచుటకై గాజుగొట్టములను జేయించి వానిలో కాయ లూరనిచ్చెను. బిరుదము నిచ్చెదమన్నను వలదనెను. పనివారి సభలకు బోయి, తాను కష్టపడి చదివిన విధమును వారికి జెప్పుచుండెను. 1848 ఆగస్టు 12 వ తేదీని తన 67 వ యేట దివంగతుడయ్యెను.

విద్యార్థులారా, వడిగా బోవు శక్తి యెంత గొప్పదో, నిలువవలసిన చోట నిలుచు శక్తి యంతకంటె గొప్పది. ఇక మీదట రైలులో బోవునపుడు బండి యొక పలకయొద్ద నెమ్మదించినచో విసుగుకొనక, పార్క్‌సైడు వద్ద నాడు నేర్చిన పాఠమును దలచుకొందము. కదలుచున్న బండి దిగుటకును, పట్టాలు దాటుటకును ఎవ్వరైన తొందరపడినచో మనమే వారింతము.