సతీష్ ధావన్

సతీష్ ధావన్ (సెప్టెంబరు 25, 1920 - జనవరి 3, 2002) ప్రముఖ భారతీయ ఏరోస్పేస్ శాస్త్రవేత్త, ఆచార్యుడు, పరిపాలనాదక్షుడు. 1972 నుండి 1984 వరకు భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ (ఇస్రో) అధ్యక్షుడుగా పనిచేశాడు. భూమిని పరిశీలించే భారతీయ ఉపగ్రహాల రూపకల్పనకు అవసరమైన ప్రణాళిక, ఆర్థిక నిర్వహణ, సమీక్షా విధానాలు ఇతని కాలంలోనే స్థిరపడ్డాయి. తరువాతి కాలంలో దేశ రక్షణకు తోడ్పడిన నిఘా ఉపగ్రహాలు కూడా ఈ పునాదిపైనే రూపొందాయి. ఆంధ్రప్రదేశ్ లోని శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఇతని పేరు మీదనే ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

ధావన్ శ్రీనగర్ లో జన్మించాడు. లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయం నుండి గణితం, భౌతికశాస్త్రాలలో పట్టాను, ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పట్టాను, మెకానికల్ ఇంజనీరింగులో మరొక పట్టాను పొందాడు. శాస్త్రం, సాహిత్యం, ఇంజనీరింగు మూడింటినీ చదివినవారు ఆ రోజులలో అరుదు. పిమ్మట అమెరికా వెళ్ళి 1947లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుండి ఏరోనాటికల్ ఇంజనీరింగులో ఎం.ఎస్., 1951లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుండి హాన్స్ లీప్‌మన్ పర్యవేక్షణలో డాక్టరేటు సాధించాడు.

భారతీయ విజ్ఞాన సంస్థలో

1951లో స్వదేశానికి తిరిగివచ్చి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరాడు. దేశంలో తొలి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ నిర్మాణానికి సారథ్యం వహించాడు. 1955లో ఏరోనాటికల్ ఇంజనీరింగు శాఖాధిపతి అయ్యాడు. 1957 నుండి 1962 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన తెలుగు భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం తరువాత ధావన్ ఆ పదవిని స్వీకరించి 1981 వరకు కొనసాగాడు. భగవంతం స్వగ్రామమైన ఆగిరిపల్లి నేడు ఏలూరు జిల్లాలో ఉంది. ఆయన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా కూడా పనిచేశాడు.

అంతరిక్ష కార్యక్రమ బాధ్యతలు

భారత అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడైన విక్రం సారాభాయి 1971 డిసెంబరు 30న హఠాత్తుగా మరణించాడు. 1970-80 దశాబ్దానికి సారాభాయి ప్రకటించిన ప్రణాళిక అప్పటికి చాలావరకు కాగితంపైనే ఉంది. ఆ సమయంలో ధావన్ పరిశోధన నిమిత్తం కాలిఫోర్నియాలో ఉన్నాడు. ప్రధానమంత్రి ఇందిరా గాంధీ ఆహ్వానించగా, అతను రెండు కోరికలు తెలియజేశాడు. అంతరిక్ష కార్యక్రమ ప్రధాన కార్యాలయం బెంగుళూరులో ఉండడం మొదటిది, విజ్ఞాన సంస్థ డైరెక్టరు పదవిలో తాను కొనసాగడం రెండవది. రెండింటికీ ప్రభుత్వం అంగీకరించింది. ధావన్ వచ్చేవరకు ఎం.జి.కె. మీనన్ తాత్కాలికంగా ఈ బాధ్యతలు నిర్వహించాడు.

1972లో అంతరిక్ష కమిషన్, అంతరిక్ష శాఖ ఏర్పడ్డాయి. కమిషన్ అధ్యక్షుడు, శాఖ కార్యదర్శి, ఇస్రో అధ్యక్షుడు - ఈ మూడు పదవులు ఒకే వ్యక్తికి అప్పగించబడ్డాయి. కమిషనులో ఆర్థిక వ్యవహారాలకు ప్రత్యేకంగా ఒక సభ్యుడు ఉంటాడు. అందువలన సాంకేతిక నిర్ణయాలు, వ్యయ నిర్ణయాలు ఒకేచోట జరిగే వీలు కలిగింది. వివిధ కేంద్రాలకు పనుల పంపిణీ, ప్రతి ప్రాజెక్టుకు ఒక బాధ్యుడు, బయటి నిపుణులతో కూడిన సమీక్షా సంఘాలు ధావన్ పాలనలోని ముఖ్యాంశాలు.

గూఢచారి ఉపగ్రహాలు, పౌర ఉపగ్రహాలు

అమెరికా తన కరోనా గూఢచారి ఉపగ్రహాల పథకంలో వరుసగా డజను ప్రయోగాలు విఫలమైన తరువాత 1960 ఆగస్టులో తొలిసారిగా అంతరిక్షం నుండి ఫిల్మును విజయవంతంగా తిరిగి రప్పించగలిగింది. 1972 వరకు నడిచిన ఆ పథకానికి నిధులు రహస్య పద్దుల ద్వారా సమకూరేవి. దానిని నిర్వహించిన నేషనల్ రికానజెన్స్ ఆఫీస్ అనే సంస్థ ఉనికిని కూడా 1992 వరకు ఆ ప్రభుత్వం అంగీకరించలేదు. వైఫల్యాలకు బహిరంగంగా సంజాయిషీ ఇవ్వవలసిన అవసరం ఆ పథకానికి రాలేదు.

భారతదేశంలో పరిస్థితి ఇందుకు భిన్నం. అంతరిక్ష శాఖ పద్దులు పార్లమెంటు ముందుకు వచ్చేవి. పేద దేశానికి ఉపగ్రహాలెందుకన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వచ్చేది. ఉపగ్రహం వలన ప్రయోజనం పొందే శాఖలను మొదటినుండి పథకంలో భాగస్వాములను చేయడం ఇందుకు దొరికిన మార్గం. ఇన్సాట్ పథకంలో అంతరిక్ష శాఖతో పాటు తంతి తపాలా శాఖ, వాతావరణ శాఖ, ఆకాశవాణి, దూరదర్శన్ పాలుపంచుకొన్నాయి. భూపరిశీలన ఉపగ్రహాలు వ్యవసాయ, జల వనరుల, అటవీ శాఖల అవసరాలను దృష్టిలో ఉంచుకొని రూపొందాయి.

1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ ద్వారా తొలి ఉపగ్రహం ఆర్యభట, 1979, 1981లలో భాస్కర-1, భాస్కర-2 ప్రయోగింపబడ్డాయి. భాస్కర కెమెరాలు సుమారు ఒక కిలోమీటరు స్థాయి వివరాలనే చూపగలిగేవి. అయినా చిత్రాల సేకరణ, విశ్లేషణలలో వాటినుండి లభించిన అనుభవం విలువైనది. హైదరాబాదులో 1974లో ఏర్పడిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1980లో అంతరిక్ష శాఖ పరిధిలోకి వచ్చింది.

శ్రీహరికోట, వైఫల్యాలు

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యనున్న శ్రీహరికోట నుండి 1971 అక్టోబరులో తొలి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగంలో రెండవ దశ నియంత్రణ వ్యవస్థ లోపం వలన రాకెట్ సముద్రంలో పడిపోయింది. అనేక సంవత్సరాల శ్రమ, ప్రజాధనం నిమిషాలలో నష్టమయ్యాయి. ప్రాజెక్టు డైరెక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ ను ముందుకు నెట్టక, ధావన్ స్వయంగా విలేఖరులను ఎదుర్కొని వైఫల్యానికి బాధ్యత వహించాడు. 1980 జూలై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని విజయవంతంగా కక్ష్యలో ప్రవేశపెట్టినపుడు మాత్రం విలేఖరులతో మాట్లాడే అవకాశాన్ని కలామ్ కు ఇచ్చాడు.

1982 ఏప్రిల్ లో ప్రయోగించిన ఇన్సాట్-1ఎ అదే సంవత్సరం సెప్టెంబరులో పనికిరాకుండా పోయింది. అయినా పథకం ఆగలేదు. 1983 ఆగస్టులో వెళ్ళిన ఇన్సాట్-1బి విజయవంతమైంది. కోస్తా ప్రజలకు దీని ప్రాముఖ్యం చెప్పనలవి కాదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. 1990 మే నెలలో అంతటి తీవ్రమైన తుఫాను మళ్ళీ ఆంధ్ర తీరాన్ని తాకినపుడు, ఉపగ్రహ చిత్రాలు, ముందస్తు హెచ్చరికలు, పెద్ద ఎత్తున ప్రజల తరలింపు వలన ప్రాణనష్టం చాలావరకు తగ్గింది.

తదనంతర ప్రభావం

1982లో ధ్రువ ఉపగ్రహ వాహక నౌక (పి.ఎస్.ఎల్.వి.) పథకానికి ప్రభుత్వ ఆమోదం లభించింది. 1984లో ధావన్ పదవీ విరమణ చేయగా యు.ఆర్. రావు ఆ స్థానంలోకి వచ్చాడు. 1988 మార్చి 17న ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1ఎ సుమారు 36 మీటర్ల స్థాయి వివరాలను, 1995 నాటి ఐ.ఆర్.ఎస్.-1సి 5.8 మీటర్ల స్థాయి వివరాలను అందించాయి. ఇటువంటి చిత్రాల సహాయంతోనే కొల్లేరు సరస్సులో చేపల చెరువులు ఎంతమేర విస్తరించాయో అధ్యయనకారులు లెక్కగట్టగలిగారు.

ఒక మీటరు స్థాయి వివరాలను చూపగల టి.ఇ.ఎస్. ఉపగ్రహాన్ని 2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. ద్వారా ప్రయోగించారు. కార్గిల్ యుద్ధానంతరం వచ్చిన ఈ ఉపగ్రహం రక్షణ అవసరాలకు కూడా ఉపకరించేదిగా పేరొందింది. అందుకు కావలసిన వాహకనౌక, కెమెరా పరిజ్ఞానం, భూకేంద్రాలు పౌర పథకాల క్రింద అప్పటికే సమకూరి ఉండడం వలన అన్నింటినీ కొత్తగా నిర్మించవలసిన అవసరం లేకపోయింది. 2024లో భారత ప్రభుత్వం 52 నిఘా ఉపగ్రహాలతో కూడిన, సుమారు 27 వేల కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది.

వ్యక్తిగత విశేషాలు, పురస్కారాలు

ధావన్ కు పక్షుల ఎగిరే విధానంపై మిక్కిలి ఆసక్తి ఉండేది. పులికాట్ సరస్సు పక్షులను శ్రద్ధగా గమనించేవాడు. పక్షుల గమనంపై ఒక గ్రంథం కూడా రచించాడు. శ్రీహరికోట ప్రాంతపు యానాదుల సంక్షేమం పట్ల శ్రద్ధ వహించాడు. భారత ప్రభుత్వం 1971లో పద్మభూషణ్, 1981లో పద్మవిభూషణ్ పురస్కారాలతో ఇతనిని సత్కరించింది. పదవీ విరమణ తరువాత కూడా అంతరిక్ష కమిషన్ సభ్యుడుగా కొనసాగాడు. 2002 జనవరి 3న బెంగుళూరులో మరణించాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం అని నామకరణం చేశారు.