పుస్తకాల మూటతో పల్లెబాట: వట్టికోట ఆళ్వారుస్వామి

గ్రంథాన్ని రచించడం ఒక ఎత్తు. దానిని పాఠకుని చేతికి చేర్చడం మరొక ఎత్తు. తొలి నవల అచ్చయిన రచయితకు ఈ రెండవ పనిలోని కష్టం అనుభవం మీద గాని తెలియదు. తెలంగాణ తొలి నవలాకారునిగా పేరు పొందిన వట్టికోట ఆళ్వారుస్వామి మాత్రం ఈ రెండవ పనినే ముందుగా నేర్చుకొన్నారు. ఆయన జీవిత విశేషమంతా అందులోనే ఉన్నది.

1915లో నల్గొండ జిల్లా నకిరేకల్ ప్రాంతంలోని చెరువుమాదారం గ్రామంలో ఆయన జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, బడి చదువుకు దూరమైనారు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేస్తూ అక్షరాలు నేర్చుకొన్నారు. పొట్టకూటికై హోటలులో సర్వరుగా పనిచేశారు. పిదప గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. పరుల రచనలలోని తప్పులు దిద్దుతూ తన భాషను తీర్చిదిద్దుకొన్నారు.

ఆనాటి నిజాం రాష్ట్రంలో పాలనకు, ఉన్నత విద్యకు ఉర్దూ మాధ్యమం. తెలుగు పుస్తకానికి ఆదరువు గ్రంథాలయోద్యమమే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో మన హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం వెలసినవి. అయినను గ్రంథాలయం లేని పల్లెలే అధికం. ఆ పల్లెలకు పుస్తకం నడిచిపోవలసినదే. 1938లో ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి ముప్పైకి పైగా పుస్తకాలు ప్రకటించారు. ప్రకటించి ఊరుకొనలేదు. వాటిని మూటగట్టుకొని ఊరూరా తిరిగి, ఇంటింటి గడప తొక్కి అమ్మారు. ప్రచురణకర్తయు ఆయనే, ప్రచారకుడూ ఆయనే, మోసే కూలీయు ఆయనే!

1942 ఉద్యమంలోను, అటుపిమ్మట నిజాం వ్యతిరేక పోరాట కాలంలోను ఆయన కారాగారవాసం అనుభవించారు. నిజామాబాదు జైలులో యువకవి దాశరథి ఆయనకు సహచరుడు. దాశరథి బొగ్గుతో జైలు గోడలపై పద్యాలు వ్రాసిన కథ లోకవిదితమే. ఆ కవి తొలి కావ్యం అగ్నిధార 1949లో లోకానికి అందింది. తన తొలి నవల కంటె ముందు ఇతరుల పుస్తకాలను మోసిన మహనీయుడు ఆళ్వారుస్వామి.

1950వ దశకంలో ఆయన తొలి నవల ప్రజల మనిషి వెలువడింది. వెట్టిచాకిరి, దొరల దౌర్జన్యం, వాటి నెదిరించి మేల్కొన్న పల్లె అందులోని వస్తువు. ఈ నవలకు వేరే ఆర్భాటం దేనికి? ఏ పల్లెల గడపలు తొక్కి పుస్తకాలమ్మారో ఆ పల్లెల బతుకే నవలయింది. పాఠకుని వెదకుతూ తిరిగిన బాటలోనే రచయితకు కథ దొరికింది. రెండవ నవల గంగు అసంపూర్తిగా ఉండగానే, 1961 ఫిబ్రవరి 5న, నలుబదియారేండ్లయినా నిండకుండానే ఆయన కన్నుమూశారు.

తన రచనను తానే చాటుకొనడం చిన్నతనమని సంకోచించే వారు మనలో కలరు. పాఠకుని గడపకు పోవడం పాఠకుని గౌరవించడమేనని ఆళ్వారుస్వామి జీవితం చెబుతున్నది. ఉర్దూలో వ్రాసినా, తెలుగులో వ్రాసినా, కలం పట్టదలచిన విద్యార్థి ముందుగా ఇతరుల మంచి పుస్తకాన్ని నాలుగిళ్లకు చేర్చి చూడవలె. తన పుస్తకానికి బాట అక్కడే ఏర్పడుతుంది.