తుఫాను దాటాక పడిపోయినవాడు

ఒకప్పుడు భక్తిగా ఉండి పడిపోయినవారు, ఏ ముఖంతో ప్రార్థించాలంటూ మందిరానికి దూరమవుతుంటారు. మిరుదొడ్డి వంటి పల్లె సంఘాల్లోనూ వీరిని చూస్తుంటాం. వారికి మేము జాన్ న్యూటన్ జీవితాన్ని గుర్తు చేస్తాం.

1725లో లండన్‌లో పుట్టిన న్యూటన్ పసితనంలో తల్లి వద్ద వాక్యం నేర్చుకున్నాడు. ఆరేళ్లకే ఆమె చనిపోయింది. పెరిగి నావికుడై, దేవదూషకుడయ్యాడు. 1748 మార్చిలో అట్లాంటిక్ తుఫానులో ఓడ మునగబోతుంటే ప్రభువుకు మొరపెట్టి బతికాడు. ఇది చాలామందికి తెలుసు. ఆ తర్వాత అతడు మళ్లీ పడిపోయాడని తెలిసినవారు తక్కువ. బానిసలను కొనే ఓడలో ఆఫ్రికా చేరేసరికే ప్రార్థనలో చల్లారి, పాత పాపాల్లోకి జారాడు. అక్కడ తీవ్ర జ్వరం పట్టుకుంది. లేవలేని స్థితిలో పాకుతూ ఏకాంత స్థలానికి వెళ్లి, తనను దేవునికి అప్పగించుకున్నాడు. ప్రభువు అతణ్ని తోసివేయలేదు.

అయినా 1754 దాకా బానిస ఓడలు నడిపాడు. ఆ పాపం అతనికి వెంటనే పాపంగా తోచలేదు. 1764లో పాదిరి అయ్యాడు, ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన రాశాడు. చివరికి 1788లో తన తప్పు బహిరంగంగా ఒప్పుకొని ఆ వ్యాపారాన్ని ఖండించాడు. 1807లో బ్రిటన్ దాన్ని నిషేధించింది. అదే ఏడాది న్యూటన్ కన్నుమూశాడు.

దేవుని వద్దకు తిరిగి రావడానికి విరిగిన హృదయంతో చేసే ఒక్క ప్రార్థన చాలు. ఆయనకు పూర్తిగా లోబడటానికి ఏళ్లు పట్టవచ్చు. పడిపోయామని ఆగిపోక నేడే మోకరిద్దాం. ఆయన చూపించే ప్రతి పాపాన్నీ విడిచిపెడదాం.