కరువు దినములలో కాలువ త్రవ్వించిన కాపరి
డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ (1836–1910)

ఈ శతవార్షిక సంచికలో మన సంఘములను కట్టిన పెద్దలను గూర్చి పలువురు వ్రాయుచున్నారు. మేము మాత్రము మన డయోసిస్‌కు చెందని యొక దైవజనుని జీవితమును ఎన్నుకొంటిమి. ఆయన అమెరికను బాప్టిస్టు మిషనెరీ. ఆయన పనికి కేంద్రము ఒంగోలు. అయినను ఆయన మనకు పరాయివాడు కాడు. విజయవాడకు ఆవలి ఒడ్డున సీతానగరము వద్ద కృష్ణనుండి బయలుదేరు పడమటి కాలువ దుగ్గిరాల వరకు వచ్చి, అక్కడనుండి కొమ్మమూరు కాలువ అను పేర పెదగంజాము చేరును. పెదగంజాము మొదలు దక్షిణముగా మద్రాసు దిక్కునకు సాగునది బకింగుహాము కాలువ. ఒకప్పుడు మన డెల్టా ధాన్యము పడవలమీద ఈ దారినే దక్షిణమునకు పోయెడిది. ఆ కాలువలో మూడున్నర మైళ్ల భాగమును ఆకలిగొన్నవారికి పని కల్పించి త్రవ్వించినవారు క్లౌ దొరగారు. ఆపదలో నున్న పొరుగువానికి సంఘము ఏ విధముగా తోడుపడవలెనో ఆయన జీవితము మనకు నేర్పుచున్నది.

క్లౌగారు 1836 జూలై 16న న్యూయార్కు రాష్ట్రములో జన్మించిరి. కుటుంబము బ్రతుకుతెరువు వెదకుకొనుచు ఇల్లినాయి, అయోవా ప్రాంతములకు తరలిపోయెను. బాలుడుగా నున్నప్పుడే ఆయన మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే దళములో చేరి, అడవులలో గొలుసు పట్టి భూములు కొలుచుట, పటములు గీయుట, మనుష్యులచేత పని చేయించుట నేర్చుకొనిరి. తరువాత చదువుకొనుటకు బర్లింగ్టను విద్యాలయములో చేరి, అక్కడనే మారుమనస్సు పొందిరి. అప్పుడు సర్వే విద్య మూలబడినట్లే తోచియుండును. కాని దేవుడు తన సేవకునికి నేర్పించిన ఏ విద్యయు వృథాగా పోనియ్యడు. ఇరువదియేండ్ల తరువాత ఆ విద్యయే వేలమంది ప్రాణములకు ఆధారమాయెను.

1864 నవంబరులో ఆయన భార్య హేరియట్‌తో ఓడనెక్కి, మరు సంవత్సరము మద్రాసు చేరిరి. నెల్లూరులోని బాప్టిస్టు మిషను దాదాపు ముప్పదియేండ్లు ప్రయాసపడియు కొద్దిమందినే చేర్చుకొనగలిగినది. దానిని మూసివేయవలెనను మాటయు అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చినది. జ్యూయెట్ దొరగారి పట్టుదలవలననే అది నిలిచెను. క్లౌగారు కొంతకాలము నెల్లూరులో తెలుగు నేర్చుకొని 1866లో ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిదిమంది సభ్యులతో సంఘము స్థాపింపబడెను.

ఆ సంఘ చరిత్రలో క్లౌగారి పేరుతోపాటు చెప్పదగిన పేరు ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన తాళ్లకొండపాడు గ్రామస్థుడు, తోళ్ల వ్యాపారి, మాదిగ కులస్థుడు. 1866లో భార్యతో కూడ బాప్తిస్మము పొంది, తన బంధువుల పల్లెలన్నియు తిరిగి సువార్త చెప్పెను. ఈ పని మొదలగునప్పటికి ఒంగోలు అగ్రవర్ణములవారు తమ పిల్లలను క్లౌగారి బడికి పంపుచుండిరి. మాదిగలు సంఘములో చేరుట చూచి వారు పిల్లలను మాన్పించిరి. ఎవరిని విడిచిపెట్టవలెనని క్లౌ దంపతులు కలతపడిరి. ఒకే దినమున వారిద్దరు, ఒకరికి తెలియకుండ ఒకరు, వేరువేరు గదులలో బైబిలు తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో దేవుడు లోకమునందలి బలహీనులను, ఎన్నికలేనివారిని ఏర్పరచుకొనెనను భాగమే ఇద్దరికిని కనబడినదట. అంతటితో సందేహము తీరెను. తలుపు పేదలకు తెరచియే యుంచిరి.

ఆ పేదల స్థితి ఎట్టిదో మన పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఊరివారికి చెప్పులు కుట్టుట, మోటబావులకు తోలుబానలు చేయుట, జాతరలలో డప్పు కొట్టుట, పిలిచినప్పుడెల్ల వెట్టికి పోవుట వారి వంతు. క్రొత్తగా చేరినవారికి క్లౌగారి బోధకులు మూడు నియమములు చెప్పుచుండిరి: ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. ఈ మూడింటివలన ఊరి కట్టుబాటుతో చిక్కు వచ్చెను. డప్పు కొట్టమన్నవారికి పని పోయినది, నీళ్లు దొరకలేదు, కొందరిపై అబద్ధపు కేసులు కూడ పడినవి. అయినను సంఘము పెరుగుచునే యుండెను.

ఇట్లుండగా 1876లో వానలు తప్పిపోయినవి. తెలుగు సంవత్సరముల పేర్లనుబట్టి మన పెద్దలు దానిని ధాత కరువు అందురు. ధాత పోయి ఈశ్వర సంవత్సరము వచ్చినను కరువు వదలలేదు. 1878 వరకు దక్షిణ దేశమంతటిని పీడించి, 50 లక్షలకు మించిన ప్రాణములను తీసికొనెనని చరిత్రకారుల అంచనా. మన డెల్టా మాత్రము కొంత మేలుగా నుండెను. అందుకు కారణము బెజవాడ ఆనకట్ట. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతమున ఐదు లక్షల జనులలో రెండు లక్షలమంది చనిపోయిరి. డొక్కల కరువని పేరుపడినది అదియే. తరువాత సర్ ఆర్థర్ కాటనుగారి ప్రోత్సాహముతో 1852లో ఆరంభమై 1855లో ముగిసిన ఆనకట్ట మన పొలములకు నీరిచ్చెను. ధాత కరువులో మెట్ట ప్రాంతములవారు పిల్లలను చంకనెత్తుకొని కృష్ణా గోదావరి డెల్టాలకు వలస వచ్చిరి. ఒంగోలు, పొదిలి, కనిగిరి వైపు మెట్ట చేలు బీటలు వారినవి. అక్కడి మాదిగపల్లెలకు పొలము లేదు, గాదె లేదు, అప్పిచ్చువాడు లేడు.

ప్రభుత్వము కరువు పనులు పెట్టినది. కాని 1877 ఆరంభములో సర్ రిచర్డు టెంపులు సలహాపై కూలిని పౌను ధాన్యమునకు, కొద్ది పైకమునకు తగ్గించిరి. కాయకష్టము చేయువానికి అది చాలునది కాదు. ఆ కరువు పనులలో నొకటి మద్రాసునుండి కృష్ణా డెల్టా కాలువల వరకు పడవల దారిని కలుపుట. అప్పటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరే ఆ కాలువకు తరువాత పెట్టిరి. క్లౌగారు తన ఆవరణము చుట్టును చేరిన ఆకలి ముఖములను చూచి, ఊరక డబ్బు పంచుట ఎంతోకాలము సాగదని గ్రహించిరి. తాను ఒకప్పుడు సర్వేయరునని చెప్పి ఆ కాలువలో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొనిరి.

రాజుపాలెము వద్ద పని శిబిరము వెలసినది. తాటాకు పాకలు వేయించిరి, మంచినీటికి బావులు త్రవ్వించిరి. పనివారిని జట్లుగా విభజించి ఒక్కొక్క జట్టుకు ఒక బోధకుని మేస్త్రీగా పెట్టిరి. మగవారు పారలతో మట్టి త్రవ్వగా ఆడవారు తట్టలతో గట్టుమీదికి మోసిరి. కొలత ప్రకారము కూలి సరిగా చేతికి వచ్చుచుండెను. ఆ మాట వినబడగానే దూరపు తాలూకాలనుండి జనులు నడచి వచ్చిరి. కొందరు దారిలోనే పడిపోయిరి. వచ్చినవారిలో అధికులు క్రైస్తవులు కారు. కొన్ని వారములు పనిచేసి నాలుగు రూకలు మూటగట్టుకొని కొందరు వెళ్లగా, వారి స్థలములో ఇతరులు వచ్చుచుండిరి.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. ఈ పనిని ఒక దొరగారి ఘనకార్యముగానే చెప్పుట వాడుక. గుత్త తీసికొన్నది క్లౌగారే గాని శిబిరమును నడిపినవారు తెలుగు బోధకులు. నిన్నటివరకు ఊరిబయట నిలువవలసినవారు నేడు కొలతలు చూచుచు, లెక్కలు వ్రాయుచు, కూలి పంచుచు, రోగులను మోయుచుండిరి. శిబిరములో కలరా వచ్చినప్పుడు కూడ వారు విడిచిపోలేదు. ఎందరో అక్కడనే చనిపోయిరి. అందరిని బ్రతికించుట ఎవరి తరము కాలేదు. మధ్యాహ్నపు ఎండలో పని ఆగినప్పుడు బోధకులు జట్టు నడుమ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన పిలుపును వివరించుచుండిరి. తట్టలు మోసి మోసి మెడలు వాచినవారికి ఆ పిలుపు తమకొరకే వచ్చినట్లుండెను.

అనేకులు బాప్తిస్మము కోరిరి. క్లౌగారు ఇయ్యలేదు. కరువు కూలిచ్చుచున్న చేయియే బాప్తిస్మము కూడ ఇచ్చినయెడల, అన్నము కొరకు వచ్చినవాడెవడో ప్రభువు కొరకు వచ్చినవాడెవడో తెలియదని ఆయన తలంచిరి. పదునైదు నెలలు బాప్తిస్మములు ఆపివేసిరి. లెక్కలు చూపి అమెరికాలోని సంఘములను సంతోషపరచుట ఆ దినములలో ఎంత సులభము! ఆయన ఆ సులభమార్గము పట్టలేదు. వానలు పడిన తరువాత లండనులో పోగైన మాన్షను హౌసు నిధినుండి వచ్చిన సొమ్మును విత్తనములకు, ఇండ్ల కప్పులకు పంచు పనిలో ఆయనయు బోధకులును పాలుపంచుకొనిరి. ఆకలి తీర్చుటతో సహాయము ముగియదనియు, పడినవాడు మరల విత్తి కోసికొనువరకు తోడుండవలెననియు వారెరుగుదురు.

సహాయపు సొమ్ము పంచుట ముగిసెను. ఇక ఇచ్చుటకేమియు లేదని అందరికిని తెలియును. 1878 జూన్‌లో బాప్తిస్మములు మరల ఆరంభమాయెను. ఒంగోలులో మసూచి ఉన్నందున జూలై మొదట బోధకుల కూడిక పది మైళ్ల దూరములో గుండ్లకమ్మ ఒడ్డున నున్న వెల్లంపల్లి వద్ద జరిగెను. బోధకులను మాత్రమే రమ్మనగా వారి వెంట జనులు వేలకొలది వచ్చిరి. డబ్బు లేదు, వెళ్లిపొండని చెప్పినను కదలలేదు. ఒక్కొక్కరిని విచారించిన పిమ్మట జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది ఏటిలో బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు బోధకులు, ఒకమారు ఇద్దరు చొప్పున. జూలై నెలాఖరునకు ఆ సంఖ్య 8,691కి పెరిగెను. ఆ సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘము 12,000 దాటినది.

వీరు అన్నము క్రైస్తవులని అప్పుడే కొందరు ఎగతాళి చేసిరి. అన్నము కొరకు వచ్చినవాడు అన్నము దొరికిన వెంటనే వెళ్లిపోవును. వీరు వెళ్లలేదు. కరువు పోయిన తరువాత ఊరి వేధింపులు పోలేదు, డప్పు తగవులు పోలేదు. అయినను నిలిచి, మందిరములు కట్టుకొని, పిల్లలను బడికి పంపిరి. నేడు ఒంగోలు, బాపట్ల, వినుకొండ వైపు సంఘములలో ఉపాధ్యాయులు, వైద్యులు, కాపరులుగా నున్న ఎందరో ఆ కాలువ త్రవ్వినవారి మునిమనుమలే. అట్టి కుటుంబములతో మన డెల్టా సంఘములకు వియ్యములు కూడ గలవు.

క్లౌగారు తరువాతి కాలములో బడులు, బోధకుల శిక్షణ, గ్రామ సంఘముల పోషణ మీద మనస్సుంచిరి. 1893లో హేరియట్‌గారు మరణించిరి. తరువాత వివాహమాడిన ఎమ్మా రౌషెన్‌బుష్‌గారు ఆయన జీవితవృత్తాంతమును గ్రంథస్థము చేసిరి. వృద్ధాప్యములో కాలు విరిగి బాధపడుచును ఒంగోలును మరువలేదు. 1910 నవంబరులో అమెరికాలోని రోచెస్టరులో ప్రభువునందు నిద్రించిరి. ఆయన పేరిట ఆసుపత్రి ఒంగోలులో వెలసినది.

ప్రియ సంఘస్థులారా, కరువులు తగ్గినను మన డెల్టాకు ఆపదలు తప్పలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి పదివేలకు పైగా ప్రాణములను తీసికొనెను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగునగరును ముంచినది. అదే దినములలో ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించెను. పడవలమీద, ట్రాక్టర్లమీద పులిహోర పొట్లములు, పాలు, మంచినీళ్లు పంపినవారిని మీరు ఏ మతమువారని ఎవరును అడుగలేదు. పుచ్చుకొన్నవారిని కూడ అడుగలేదు. అట్లే యుండవలెను.

క్రైస్తవుల సహాయము వెనుక వల ఉన్నదని అనుమానించువారు నేడును ఉన్నారు. మాటలతో ఆ అనుమానము పోదు. క్లౌగారివలె నడచిననే పోవును. మన మందిరములో సహాయపు జాబితా వ్రాయునప్పుడు మొదట మన సభ్యుల పేర్లు గాక, ఎక్కువ నష్టపడినవారి పేర్లు వ్రాయుదము. పొట్లముతో ఆగక, తడిసిన పుస్తకములకు బదులు పుస్తకములు, పోయిన కుట్టుమిషనుకు బదులు కుట్టుమిషను సమకూర్చుదము. వరద బాధితులనే పనికి పెద్దలుగా పెట్టుదము. వారి వీధి సంగతి వారికే బాగుగా తెలియును. ఇచ్చుచున్నప్పుడు సువార్తను దాచుకొననక్కరలేదు, కాని దానిని వెలగా అడుగరాదు. శతవార్షికము జరుపుకొనుచున్న సంఘము మరుసటి వరద వచ్చునప్పటికి దీనికి సిద్ధముగా నుండునట్లు ప్రభువు కృప చూపునుగాక. ఆమేన్.