రాయలవారి స్కోర్‌బోర్డు

హాస్టల్లో ఎవడికైనా బీజీఎంఐలో కాంకరర్ వచ్చిందనుకోండి, వాడు చేసే మొదటి పని స్క్రీన్‌షాట్ తీసుకోవడం. సీజన్ అయిపోగానే ర్యాంకు కిందికి జారుతుందని వాడికి బాగా తెలుసు. పేరు చుట్టూ వెలిగే ఆ ఫ్రేము, పేరు కింద ఆ టైటిలు, అవి ఉన్నన్నాళ్లే గెలిచినట్టు లెక్క. 1979లో వచ్చిన ఆస్టరాయిడ్స్ ఆటలో గెలిచినవాడు తన పేరులోంచి మూడంటే మూడక్షరాలు కొట్టుకోవచ్చు. కానీ ఆ రోజుల్లో చాలా ఆర్కేడ్ మెషీన్లకు కరెంటు పోతే స్కోర్‌బోర్డు కూడా పోయేది. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో గేమర్‌స్కోర్, 2008లో ప్లేస్టేషన్ 3కి ట్రోఫీలు వచ్చాయి. అప్పటినుంచి గెలుపు మెషీన్లో కాకుండా మన ఖాతాలో పడుతోంది. అంటే గెలవడం ఒక పని, గెలిచామని దాచుకుని నలుగురికీ చూపించుకోవడం ఇంకో పని.

ఈ రెండో పనిని మన నెల్లూరు జిల్లా కొండ మీద సాధించిన గెలుపుతో మొదలుపెట్టి, దక్షిణదేశం మొత్తం నడిపించిన మనిషి ఒకడున్నాడు. శ్రీకృష్ణదేవరాయలు. సినిమాల్లో తెనాలి రామకృష్ణుడి పక్కన నవ్వుతూ కూర్చునే రాయలు కాదు, రికార్డులు రాయించిన రాయలు.

ఆయన తుళువ నరసనాయకుడికీ నాగలాంబకూ పుట్టాడు. సింహాసనం దక్కడం అంత సులువుగా జరగలేదు. రాయలు పోయిన కొన్నేళ్లకు విజయనగరం గురించి రాసిన నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఒక కథ చెబుతాడు. సవతి అన్న వీరనరసింహుడు చావుబతుకుల్లో ఉండి, తన పసికొడుకు రాజు కావాలంటే తమ్ముడి కళ్లు పీకించాలని మంత్రి తిమ్మరుసుకు చెప్పాడట. తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించి కుర్రవాణ్ని కాపాడాడట. ఇది శాసనాల్లో ఉండదు కాబట్టి కథగానే తీసుకుందాం. కానీ ఈ కళ్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1509లో రాయలు గద్దెనెక్కాడు.

మనిషి ఎలా ఉండేవాడో పాయెస్ అనే ఇంకో పోర్చుగీసు యాత్రికుడు కళ్లారా చూసి రాశాడు. మధ్యస్థంగా ఎత్తు, మంచి రంగు, కాస్త ఒళ్లున్న మనిషి, ముఖం మీద మశూచి మచ్చలు. తెల్లారకముందే ముప్పావు పైంటు నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, ఆ నూనంతా చెమటై కారేదాకా సాధన చేసేవాడట. తర్వాత కుస్తీ, ఆ తర్వాత గుర్రం మీద మైదానం చుట్టూ దౌడు. రోజూ ఇదే వరస. మన భాషలో చెప్పాలంటే గ్రైండింగ్. మచ్చల సంగతి కూడా దాచకుండా రాసినందుకు పాయెస్‌కి ఒక దండం పెట్టాలి, ఏ ఆస్థానకవీ ఆ మాట రాసి ఉండడు.

మొదటి రెండు మూడేళ్లు బహమనీల వైపు నుంచి వచ్చిన దాడిని తిప్పికొట్టడంతోనూ, ఉమ్మత్తూరు పాలెగాణ్ని లొంగదీయడంతోనూ గడిచాయి. అసలు బాకీ తూర్పున ఉంది. సాళువ నరసింహుడి కాలంలో ఉదయగిరి ఒడిశా గజపతుల చేతికి పోయింది. రాయచూరు, ఉదయగిరి లాంటి కోటలు గెలవకుండానే పోతున్నాననీ, నా తర్వాతివాళ్లు గెలవాలనీ ఆయన చనిపోతూ చెప్పిపోయాడని నూనిజ్ రాశాడు. పాత ప్లేయర్ వదిలేసిన పెండింగ్ మిషన్లన్నమాట.

ఉదయగిరి అంటే మనకు కావలి బస్టాండులో కనిపించే బోర్డు, లేకపోతే ఆ ఊరి చెక్క గరిటెలు, చెంచాలు. కానీ ఆ కొండ మూడు వేల అడుగులు దాటుతుంది. ఇటు నెల్లూరు సముద్రతీరపు మైదానానికీ, అటు కడప వైపు లోపలి దేశానికీ మధ్య కాపలావాడిలా నిలబడి ఉంటుంది. అది చేతిలో ఉన్నవాడిదే పెన్న నుంచి పైకి తీరమంతా. 1513లో రాయలు దాన్ని చుట్టుముట్టాడు. లోపల పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలే ఉన్నాయనీ, ఆ కోటకు అంతకన్నా అక్కర్లేదనీ, ఆకలితో మాడ్చడం తప్ప దాన్ని పట్టే దారి లేదనీ నూనిజ్ మాట. ముట్టడి ఏడాదిన్నర సాగింది. బండలు పగలగొట్టి, కొండమీదికి దారులు తొలిచి, సైన్యాన్ని బురుజుల దగ్గరికి చేర్చారు. సివిల్ బ్రాంచి మిత్రులు ఒకసారి ఊహించుకోండి, పేలుడు మందు సుత్తి లేకుండా, పైనుంచి బాణాలు పడుతుంటే, ఎండలో రాయి కొట్టడం. ఆ రాయి కొట్టినవాళ్లలో ఒక్కడి పేరు కూడా మనకు తెలీదు.

1514 జూన్‌లో కోట పడింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయుడు బందీ అయ్యాడు. గజపతి పినతల్లో మేనత్తో ఒకావిడ కూడా చిక్కిందనీ, ఆమెను మర్యాదగా తీసుకెళ్లారనీ అంటారు. ఇక్కడిదాకా యుద్ధం. ఇక్కణ్నుంచి రికార్డింగు మొదలవుతుంది, నాకు ఆసక్తి అంతా ఇక్కడే.

మొదట ఉదయగిరి నుంచి నేరుగా తిరుమల. 1514 జూలై 6న స్వామికి ముప్పై వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. అది గోడ మీద శాసనమైంది. రెండోది ట్రోఫీ. ఉదయగిరి గుడిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్లి, దాని కోసమే ఒక పెద్ద గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. హంపీ వెళ్లినవాళ్లు కృష్ణాలయం చూసే ఉంటారు. ఆ ఆవరణలోనే ప్రతిష్ఠ సంగతి చెప్పే రాతిపలక ఉంది. తూర్పు గోపురం మీద గచ్చుబొమ్మల్లో డాళ్లు పట్టుకున్న సైనికులు, గుర్రాలు, ఏనుగులు కనిపిస్తాయి. అవి ఉదయగిరి దండయాత్ర దృశ్యాలే అంటారు. అంటే ట్రోఫీ ఒక్కటే కాదు, దానికి పైన రీప్లే కూడా పెట్టించాడు. మూడోది ఇంకా తెలివైనది. రాయల బంగారు వరహాల మీద కూర్చున్న ఒక పిల్లవాడి బొమ్మ ఉంటుంది. అది బాలకృష్ణుడేనని నాణేల పరిశోధకులు చెబుతారు. గుడికి రానివాడి చేతిలోకి కూడా గెలుపు గుర్తు వెళ్లిపోయింది.

మనవైపు నుంచి చూస్తే మాత్రం ఇది ఇంకోలా ఉంటుంది. ఆ విగ్రహం ఉదయగిరివాళ్లు రోజూ దణ్ణం పెట్టుకున్న దేవుడు. ఏడాదిన్నర ఆకలి తర్వాత కోటతోపాటు దేవుడూ వెళ్లిపోయాడు. హంపీ శాసనంలో తెచ్చినవాడి పేరుంది, ఇచ్చిన భూముల లెక్క ఉంది. పోగొట్టుకున్నవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఓడినవాడి స్క్రీన్ మీద ఏముందో ఏ లీడర్‌బోర్డూ చూపించదు కదా.

తర్వాతి ఏడాది ఇంకా వేగంగా గడిచింది. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ వరసగా లొంగాయి. 1515 జూన్ 23న కొండవీడు పడింది. గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. తర్వాత కొండపల్లి. అక్కణ్నుంచి కళింగం లోపలికి వెళ్లి, సింహాచలంలో నగలు సమర్పించి, పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఈ జాబితా నేను పేర్చింది కాదు. తిరుమల, కాళహస్తి, అహోబిలం శాసనాల్లో ఇంచుమించు ఇదే వరసలో, ఇవే పేర్లతో ఉంటుంది. విజయనగరం నుంచి తూర్పు దిగ్విజయానికి బయలుదేరి, ఉదయగిరి సాధించి, ఫలానావాణ్ని పట్టుకుని... ఇలా సాగుతుంది. గెలుపు పెరిగిన కొద్దీ జాబితా చివర కొత్త పేర్లు చేరతాయి. శాసనాలు వరసగా చదివితే ఒకే ఫైలు వెర్షన్లు చూస్తున్నట్టుంటుంది.

శాసనం కట్టుబాటు కూడా గమనించండి. చాలావాటిలో పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటారు, అవి ఉన్నంతకాలం ఈ మాట ఉండాలని. చివర, దీన్ని చెరిపినవాడికి ఫలానా పాపం తగులుతుందని శాపం. చెరపకుండా లాక్ వేయడానికి అప్పట్లో ఉన్న సాధనం పాపభయమే. ఒక రకంగా బాగానే పనిచేసింది.

ఇక బిరుదుల సంగతి. మూరు రాయర గండ అనే బిరుదు రాయల పేరుతోపాటు మనం చాలాసార్లు వింటాం, ముగ్గురు రాజులకు మగడని. అది ఆయన సంపాదించింది కాదు. దాదాపు నూట యాభై ఏళ్ల నాటి బుక్కరాయల కాలం నుంచీ గద్దెతోపాటు వస్తున్నదే. పాత ఖాతా చేతికొస్తే దాని టైటిళ్లు కూడా వచ్చినట్టు. అందుకేనేమో సొంత గెలుపులను ఊరూరా విడిగా రాయించుకున్నాడు.

వీరభద్రుడి కథ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అతను కత్తిసాములో దిట్ట అని విని, తన ముందు ఆ విద్య చూపించమని రాయలు అడిగాడనీ, ఎదురుగా ఒక మామూలు మనిషిని నిలబెట్టేసరికి రాజకుమారుడు అవమానంతో ప్రాణం తీసుకున్నాడనీ నూనిజ్ రాశాడు. కానీ కన్నడదేశంలో దొరికిన 1516 నాటి శాసనంలో వీరభద్రుడు రాయల కింద ఒక సీమను పాలిస్తూ, పెళ్లిపన్ను మాఫీ చేస్తూ కనిపిస్తాడు. రెండూ నిజం కావచ్చు, ఒకదాని తర్వాత ఒకటి. కాకపోవచ్చు కూడా. నేనైతే రాతినే ముందు నమ్ముతాను. పన్ను మాఫీ గురించి అబద్ధం చెక్కించాల్సిన అవసరం ఎవడికుంటుంది?

యుద్ధం ముగింపు విచిత్రంగా ఉంటుంది. గజపతి సంధికొచ్చాడు, కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. రాయలు కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన నేలను తిరిగిచ్చేశాడు! పొట్నూరు స్తంభం నిలిచిన నేల కూడా అందులోనే ఉంది. భూమి పోయింది, శాసనాల్లో గెలుపు మాత్రం అలాగే ఉంది. కృష్ణకు దక్షిణాన ఉన్నవి, మన ఉదయగిరితో సహా, ఉంచుకున్నాడు.

ఆ కళింగయాత్ర దారిలోనే కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. ఆ కావ్యంలోనూ అక్కడక్కడా దండయాత్రల ప్రస్తావన ఉంది. పెద్దన కాలికి తన చేత్తో గండపెండేరం తొడిగాడని చెప్పుకునే సంగతి అందరికీ తెలిసిందే. 1520లో రాయచూరు కూడా గెలిచాడు, పోర్చుగీసు తుపాకీవాళ్ల సాయంతో. పాత బాకీల జాబితాలో అదీ కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత కథ కిందికి దిగుతుంది, వేగంగా. 1524లో చిన్న కొడుకు తిరుమలరాయుడికి పట్టం కట్టాడు. పిల్లవాడు త్వరలోనే చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానం తిమ్మరుసు మీద పడింది. నూనిజ్ చెప్పినదాని ప్రకారం రాయలు ఆయన కళ్లు తీయించాడు. ఒకప్పుడు మేక కళ్లతో తన కళ్లు కాపాడిన మనిషి, అప్పాజీ అని పిలుచుకున్న మనిషి. రాయల శాసనాల్లో కోటల పేర్లు వరసగా వస్తాయి గానీ ఈ సంగతి ఎక్కడా రాదు.

రాయలు పోయిన 36 ఏళ్లకు, 1565లో, విజయనగరం ధ్వంసమైంది. కృష్ణాలయం కూడా దెబ్బతింది. ఉదయగిరి బాలకృష్ణుడు చివరికి చెన్నై ప్రభుత్వ మ్యూజియం చేరాడు. ఒక్క రాజధానిలోనే రాయించి ఉంటే చాలా సంగతులు అక్కడితో ఆగిపోయేవి. కానీ తిరుమల గోడ ఉంది, కాళహస్తి ఉంది, అహోబిలం ఉంది. మెయిన్ సర్వర్ కాలిపోయినా బ్యాకప్‌లు అరణ్యాల్లో, కొండల మీద, దీపాల వెలుగులో పనిచేస్తూనే ఉన్నాయి.

తిరుమలలో మహాద్వారం దాటాక కుడివైపు చూడండి. పొడవాటి కుళ్లాయి పెట్టుకుని, ఇద్దరు దేవేరుల మధ్య చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహం ఉంటుంది. భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. కత్తి లేదు, కోట లేదు, ఏనుగు లేదు. క్యూలో తోపులాటలో చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు.

ఆయన చనిపోయిన రోజు ఏదన్నది చాలాకాలం ఏ రాతి మీదా దొరకలేదు. కొన్నేళ్ల క్రితమే కర్ణాటకలో తుమకూరు దగ్గర హొన్నేనహళ్లి అనే పల్లెలో, గోపాలకృష్ణుడి గుడి పక్కనున్న పలక మీద ఆ కబురు చదివారు. కన్నడ శాసనం. 1529 అక్టోబరు 17, ఆదివారం, చంద్రగ్రహణం. రాయలు పోయిన సంగతి, తుమకూరు హనుమంతుడి పూజకు ఆ ఊరిని దానమిచ్చిన సంగతి రాసి ఉన్నాయి.