రాజర్షి శాహు ఛత్రపతి

మన సంఘ వార్షిక మహాసభ జరుగు నీ శుభసమయమున, ప్రజలకు విద్యాదానము చేసి చరితార్థుడైన యొక మహారాజు జీవితమును సంగ్రహముగా విన్నవింప నుద్యమించితిమి.

శాహు మహారాజు 1874 జూన్ 26వ తేదీన కాగల్ ఘాట్గే వంశమున జన్మించెను. తొలిపేరు యశ్వంతరావు. 1884లో కొల్హాపురపు రాజవంశమునకు దత్తుడై, 1894లో రాజ్యభారము వహించెను. అప్పటికి సంస్థానపు కొలువులలో నొక్క వర్గమువారే మిక్కిలిగా నుండిరి. రైతులకును, చేతిపనివారికిని, అంటరానివారనబడిన వారికిని బడి దూరమై యుండెను. పన్ను చెల్లించువా రొకరు, చదువుకొనువారు వేఱొకరు.

1902 జూలై 26వ తేదీ యుత్తరువుచే ఖాళీలలో నూటికి 50 వెనుకబడిన వర్గములకు ప్రత్యేకింపబడెను. అయితే ఉత్తరువు ఉద్యోగము నీయగలదు గాని యోగ్యత నీయజాలదు. యోగ్యత బడిలో సంపాదింపవలసినది. పల్లె విడిచి పట్టణమునకు వచ్చిన బాలునకు కులకట్టుబాట్లవలన కూడును నీడయు దొరకుట దుర్లభముగా నుండెను. కావున మహారాజు 1901లో మరాఠాలకును జైనులకును, 1906లో మహమ్మదీయులకును, 1907లో లింగాయతులకును, 1908లో అంటరానివారనబడిన వారికిని వసతిగృహము లేర్పడుటకు తోడ్పడెను.

1917లో ప్రాథమిక విద్యను ఉచితముగను నిర్బంధముగను జేసెను. పిల్లలను బడికి పంపని తలిదండ్రులకు నెలకు 1 రూపాయి జరిమానా విధింపబడెను. 1919లో అంటరానివారి కొఱకున్న వేఱు బడులను మూయించి, వారి బిడ్డలను సర్కారు బడులలో నందఱితో సమానముగా జేర్చుకొనవలెనని శాసించెను.

ఇచ్చట మనము నిలిచి యోచింపవలసి యున్నది. కులమునకొక వసతిగృహమునకు దానమిచ్చిన ప్రభువే కులమునకొక బడి వలదనెను. ఇందు విరోధము లేదు. వసతిగృహము నిచ్చెన, బడి మేడ. నిచ్చెనలు పెక్కు లుండవచ్చును; మేడ యొక్కటియే కావలయును. వేఱు బడి కాలక్రమమున తక్కువ బడి యగును: ఉపాధ్యాయులు తక్కువ, పుస్తకములు తక్కువ, ఆశయు తక్కువ. అందఱి బిడ్డలు నొక్కచోటనే చదివినపుడు కలవాడు తన బిడ్డకై కోరు మంచి చదువు లేనివాని బిడ్డకును లభించును. సమత్వమువలన విద్యాప్రమాణము తగ్గదు, నిలుచును.

1919లో కాన్పూరున సమావేశమైన కుర్మీ క్షత్రియ మహాసభ యాయనను రాజర్షి బిరుదముతో గౌరవించెను. ఒక కులసభ యన్యకులజుని, అన్ని కులములకు మేలుచేసినందులకు, సత్కరించుట మనవంటి సంఘములకు స్మరణీయము. 1922 మే 6వ తేదీన బొంబాయిలో, 47 ఏండ్ల ప్రాయమున, ఆయన పరమపదించెను. 6 మొదలు 14 ఏండ్ల బాలబాలికల విద్యాహక్కు చట్టము దేశమున నమలునకు వచ్చినది 2010లో. కొల్హాపురపు శాసనమునకు 93 ఏండ్ల పిమ్మట.

పోషక మహాశయులకు మా విన్నపమిది. మన విద్యార్థుల వసతికై తా మొసగు ద్రవ్యము సద్వినియోగమే. దానితోపాటు తమ యూరి సర్కారు బడి గడప నొక్కపరి త్రొక్కి, కప్పు కారుచున్నదా, ఉపాధ్యాయుడున్నాడా యని విచారింపుడు. అచ్చట మన బిడ్డ ప్రక్కన గూర్చున్న బిడ్డ యే కులమువాడైనను, వాని చదువును మన బాధ్యతయే.