వేదిక మీదికి పిలుపు రాని వ్యాపారి

లూదియ మీద మేము చేసిన ప్రసంగాలన్నీ దాదాపు ఒకే చోట ముగిశాయి. ఆమె దైవసేవకులను తన ఇంట చేర్చుకుంది, మనమూ అలాగే చేయాలి అని. ఊదారంగు సరుకు అమ్మే వర్తకురాలన్న సంగతి ఒక్క వాక్యంలో దాటిపోయేది. ఆమె ఆతిథ్యం కనబడినంతగా ఆమె వ్యాపారం మాకు కనబడలేదు. ఈ వారం మేడమ్ సి.జె. వాకర్ జీవితాన్ని మీ ముందు ఉంచడానికి కారణం అదే.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, పత్తి తోటల మధ్య పుట్టారు. తల్లిదండ్రులు బానిసలుగా బ్రతికినవారు. ఆ ఇంట స్వేచ్ఛగా పుట్టిన మొదటి బిడ్డ ఈమె. ఏడేళ్లకు అనాథ అయ్యారు. పద్నాలుగేళ్లకు పెళ్లి జరిగింది. ఇరవై ఏళ్లకే భర్త చనిపోగా చిన్న కూతురితో మిగిలారు. అన్నలు క్షౌరవృత్తి చేసుకునే సెయింట్ లూయిస్ నగరానికి వెళ్లి, బట్టలు ఉతికి కూతురిని చదివించారు. రోజు సంపాదన ఒకటిన్నర డాలరు. అక్కడి సెయింట్ పాల్ ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘపు స్త్రీలు ఆమెను చేరదీసి ధైర్యమిచ్చారు.

జుట్టు రాలిపోతుంటే మందు కోసం వెదికారు. మొదట ఆనీ మలోన్ అనే మరో నల్లజాతి స్త్రీ తయారుచేసే సరుకు అమ్మారు. 1905లో డెన్వర్‌కు వెళ్లి, మరుసటి ఏడు చార్లెస్ వాకర్‌ను పెళ్లాడి, ఆ పేరుతోనే సొంత సరుకు మొదలుపెట్టారు. ఇల్లిల్లూ తిరిగారు, చర్చీల్లో చేసి చూపించారు. 1910లో ఇండియానాపొలిస్ చేరి ఫ్యాక్టరీ పెట్టారు. ఆ ఊరి నల్లజాతివారి వైఎంసీఏ భవనానికి 1,000 డాలర్లు ఇస్తానని ముందుకొచ్చారు.

1912లో షికాగోలో నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్, తన జాతి కోసం ఎంతో పాటుపడిన పెద్దమనిషి. ఈమెకు మాట్లాడే అవకాశం ఇవ్వాలని ఒక పత్రికాధిపతి అడిగినా ఆయన పట్టించుకోలేదు. జుట్టుకు సంబంధించిన వ్యాపారమంటే ఆయనకు సదభిప్రాయం లేదు. చివరి రోజున ఆమె పిలుపు కోసం చూడకుండా కూర్చున్న చోటనే లేచి నిలబడ్డారు. పత్తిచేను నుంచి చాకిరేవుకు, అక్కడినుంచి వంటింటికి, ఆపైన సొంత స్థలంలో సొంత ఫ్యాక్టరీకి ఎలా వచ్చారో సభకు చెప్పారు. మరుసటి ఏడు అదే లీగ్ ఆమెను వక్తగా పిలిచింది. అమ్మే సరుకు మారలేదు. అమ్మే మనిషీ మారలేదు.

1917లో ఫిలడెల్ఫియాలో తన కంపెనీ తరఫున అమ్మకాలు చేసే స్త్రీలను సమావేశపరచారు. రెండు వందల మందికి పైగా వచ్చారు. ఎక్కువ అమ్మినవారికే కాదు, ఎక్కువ దానధర్మాలు చేసినవారికి కూడా బహుమతులిచ్చారు. నల్లజాతివారిని మూకలు చంపడాన్ని ఆపే చట్టం చేయాలని ఆ సభ దేశాధ్యక్షుడికి టెలిగ్రామ్ పంపింది. 1919 మే 25న, 51 ఏళ్ల వయసులో ఆమె ప్రభువు సన్నిధికి చేరారు.

ప్రియులారా, బట్టల దుకాణమో పచ్చళ్ల వ్యాపారమో నడుపుతూ పదిమందికి పని ఇచ్చే సహోదరీలు మన సంఘాల్లోనూ ఉన్నారు. కూటాలకు వండమని వారినే అడుగుతాం. మందిర నిర్మాణానికి కానుక కూడా అడుగుతాం. ఆ నిర్మాణపు లెక్కలు చూసే కమిటీలో మాత్రం వారి పేరు గుర్తుకు రాదు. గట్టిగా బేరమాడిన పురుషుణ్ణి సమర్థుడంటాం, స్త్రీని గయ్యాళి అంటాం. మేమూ అలా అన్నవాళ్లమే, అందుకు సిగ్గుపడుతున్నాం. సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతి పొలం చూసి కొన్న స్త్రీ అని మరచిపోయాం.

వచ్చే కమిటీ ఎన్నికల్లో పేర్లు రాసేముందు ఒకసారి వెనుక బెంచీల వైపు చూద్దాం. లేచి నిలబడే వరకు వారిని ఆగనివ్వకుండా మనమే పిలుద్దాం.